వాత్సల్యం, కడుపు, చంక: తెలుగు బైబిలులో దైవప్రేమకు తల్లి పోలిక

వ్యాససంగ్రహం

తల్లిప్రేమ దైవప్రేమకు ప్రతిబింబమన్న భావన తెలుగు క్రైస్తవ ప్రసంగాల్లోనూ రచనల్లోనూ విరివిగా కనిపిస్తుంది. ఈ భావనకు ఆధారంగా చూపే బైబిలు భాగాలు తల్లిని కీర్తించడంతో ఆగవు. తల్లి ప్రేమ ఏ పరిస్థితుల్లో చితికిపోతుందో కూడా చెబుతాయి. తెలుగు పాతనిబంధన అనువాదంలోని వాత్సల్యం, కడుపు, పేగులు, ఒడి, చంక అనే మాటలను హీబ్రూ మూలంతో పోల్చి, ఆ పోలిక బలాన్నీ హద్దునూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు బైబిలు, వాత్సల్యం, రహమీమ్, అనువాదం, మాతృత్వం, యెషయా, విలాపవాక్యములు, రిస్పా.

ప్రవేశిక

ఏటా మే నెల రెండో ఆదివారం క్రైస్తవ సంఘాల్లో తల్లులను సన్మానించడం ఇప్పుడు పరిపాటి అయింది. ఆ సందర్భపు ప్రసంగాల్లో ఒక మాట తరచు వినిపిస్తుంది: దేవుడు అన్నిచోట్లా తానే ఉండలేక తల్లిని సృష్టించాడని. వినడానికి హృద్యంగా ఉన్నా ఈ మాటకు బైబిలులో ఆధారం లేదు. ఆకాశానికి ఎక్కినా పాతాళంలో పడుకొన్నా దేవుడు అక్కడే ఉన్నాడని చెప్పే 139వ కీర్తనకు ఇది పూర్తిగా విరుద్ధం కూడా. దేవుడు లేని చోటంటూ ఒకటి ఉందని ఒప్పుకొని, ఆ ఖాళీని పూరించే బాధ్యతను ఒక స్త్రీ భుజాల మీద పెట్టడం ఇందులో ఉంది. ఆ బాధ్యతను మోయలేకపోయిన స్త్రీ అప్పుడు తల్లిగానే కాదు, దేవునికి ప్రతినిధిగానూ ఓడినట్లవుతుంది. ఒక పొగడ్త ఇంత బరువు మోపగలదని ఆ మాట చెప్పేవారు ఊహించి ఉండకపోవచ్చు.

బైబిలులో తల్లి పోలిక ఉన్నది వాస్తవం. అయితే ఆ పోలిక పని చేసే తీరు వేరు. దాన్ని గుర్తించడానికి తెలుగు అనువాదంలోని మాటలే మంచి ప్రవేశద్వారం. విశాఖపట్నంలో 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డి గ్రాంజిస్ మొదలుపెట్టిన అనువాదకృషి, ఆనందరాయరు వంటి స్థానికుల తోడ్పాటుతో సాగి, తరువాతి కాలంలో అనేకుల చేతుల్లో సవరణలు పొందింది. నేడు ప్రొటెస్టెంటు సంఘాల్లో విస్తృతంగా చదివే పాత అనువాదాన్నే ఇక్కడ ప్రధానంగా పరిశీలించడం జరిగింది. కేంద్ర సాహిత్య అకాడమీ 1964లో పురస్కరించిన జాషువ ‘క్రీస్తు చరిత్ర’ వంటి కావ్యాల పరిశీలన ఈ వ్యాసపరిధికి వెలుపలిది.

గర్భం, దూడ: రెండు భాషల రెండు ఊహలు

హీబ్రూలో ‘రెహెమ్’ అంటే గర్భాశయం. అదే ధాతువుకు చెందిన ‘రహమీమ్’ అనే బహువచన రూపానికి కనికరం, కరుణ అని అర్థం. ఈ సంబంధాన్ని ఆధారం చేసుకొని ఫిలిస్ ట్రిబుల్ 1978లో వెలువరించిన గ్రంథంలో పాతనిబంధన దేవుని కరుణ వెనుక గర్భమనే రూపకం ఉందని వాదించారు. పోపు రెండవ జాన్ పాల్ 1980లో దైవకరుణ గురించి వెలువరించిన విశ్వలేఖ కూడా ఈ పదసంబంధాన్ని ప్రస్తావించింది. భిన్న దృక్పథాలు గల ఈ ఇద్దరూ ఒకే పదం దగ్గర కలవడం విశేషం.

తెలుగు అనువాదకులకు ఈ పదం ఎదురైనప్పుడు వారు ఒకే సమానార్థకాన్ని పట్టుకొని కూర్చోలేదు. 51వ కీర్తన మొదటి వచనంలో దాన్ని ‘వాత్సల్యం’ అన్నారు. విలాపవాక్యములు 3:22లో ‘వాత్సల్యత’ అన్నారు. తండ్రి తన పిల్లల పట్ల చూపే కనికరాన్ని చెప్పే 103:13 కీర్తనవచనంలో ఇదే ధాతువుకు చెందిన క్రియను ‘జాలిపడు’ అని మార్చారు. తల్లీ గర్భమూ చంటిబిడ్డా ముగ్గురూ ఒకచోట ఉన్న యెషయా 49:15లో ‘కరుణించు’ అన్నారు. హీబ్రూ పాఠకుని చెవికి ఈ నాలుగు చోట్లా ఒకే ధాతువు తగులుతుంది; తెలుగు పాఠకునికి నాలుగు వేర్వేరు మాటలు వినిపిస్తాయి. ముఖ్యంగా యెషయా 49:15లో ‘వాత్సల్యం’ రాకపోవడం నష్టమే. ఆ మాట అక్కడ ఉండి ఉంటే 51వ కీర్తనలో పాపి వేడుకొన్నదీ, యెషయాలో తల్లి బిడ్డకు ఇవ్వవలసినదీ ఒకటేనని తెలుగులోనూ తెలిసేది.

అయితే ‘వాత్సల్యం’ అన్న ఎంపిక తెచ్చిన లాభం చిన్నది కాదు. ‘వత్సం’ అంటే దూడ. ఆవుకు దూడ మీద ఉండే ప్రేమ వాత్సల్యం. హీబ్రూ గర్భం వైపు చూపితే సంస్కృతం నుంచి తెలుగు అందుకొన్న మాట అప్పుడే ఈనిన ఆవు వైపు చూపుతుంది. ఈ మాట బైబిలులోకి రాకముందే దానికి సుదీర్ఘమైన భక్తిచరిత్ర ఉంది. శ్రీవైష్ణవ వ్యాఖ్యానసంప్రదాయం భగవంతుని గుణాల్లో వాత్సల్యాన్ని ప్రముఖంగా లెక్కించింది. దాన్ని వివరించడానికి చెప్పే ఉదాహరణ, ఈనిన వెంటనే ఆవు దూడ ఒంటికి అంటిన మురికిని నాలుకతో నాకి శుభ్రం చేయడం. ఆశ్రితుని దోషాన్ని చూసీ చూడనట్లు ఉండడమే వాత్సల్యమని వడగలై వారూ, ఆ దోషాన్నే భోగ్యంగా స్వీకరించడం వాత్సల్యమని తెంగలై వారూ వాదించుకోవడం వేదాంతచర్చల్లో ప్రసిద్ధమే.

ఈ నేపథ్యంతో 51వ కీర్తనను చదివితే ఆ ఎంపిక ఎంత తగినదో అర్థమవుతుంది. ఆ కీర్తన పాపనివేదన. అందులో దేవుని వాత్సల్యాన్ని ఆశ్రయించిన వెంటనే భక్తుడు అడిగేది తుడవమని, కడగమని, శుద్ధి చేయమని. దూడను నాకే ఆవు చేసేదీ అదే పని. హీబ్రూ మూలంలో ఆవు లేదు. అక్కడ కడగడానికి వాడిన క్రియ బట్టలుతికే సందర్భానికి చెందినది. అయినా వాత్సల్యం అన్న మాట పక్కన చేరగానే తుడవడం, కడగడం తెలుగులో మరొక ప్రాణిధర్మాన్ని సంతరించుకొంటాయి. అనువాదకులు ఇది తెలిసే చేశారా అన్న ప్రశ్న ఇక్కడ అప్రస్తుతం. మాటకు దాని జ్ఞాపకం దానికి ఉంటుంది. ఒక భేదాన్ని మాత్రం మరువకూడదు. కీర్తనకారునికి తన దోషం ఎవరికీ భోగ్యం కాదు. అది తన ఎదుట నిత్యం నిలిచి బాధిస్తున్న వస్తువు. దేవుడు దాన్ని ఇష్టపడాలని అతడు కోరడు, పోగొట్టాలని కోరతాడు. తెంగలై వాదం వరకు ఈ సామ్యాన్ని లాగడం కుదరదు.

వాత్సల్యం ప్రవహించే దిశ విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెలుగు పాఠకుడు వాత్సల్యభక్తి అనగానే పోతన భాగవతంలోని యశోదను తలచుకొంటాడు. అక్కడ భక్తురాలు తల్లి, దేవుడు బిడ్డ. బైబిలు పోలికలో దేవుడే తల్లి స్థానంలో ఉంటాడు. పశువులతొట్టిలో పడుకోబెట్టిన శిశువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దిశ మారి, మరియ ఒడిలో దేవుడు బిడ్డ అవుతాడు. ఈ రెండు దిశలనూ కలిపి మాట్లాడే వ్యాసాల్లో అయోమయం తప్పడం లేదు.

పదమూలాల మీద ఆధారపడే ఏ వాదానికైనా జేమ్స్ బార్ 1961లో ఇచ్చిన హెచ్చరికను ఎదుర్కోవలసి ఉంటుంది. ఒక మాట పుట్టుక దాని వాడుకలోని అర్థాన్ని నిర్ణయించదని ఆయన వాదం. తెలుగువారికి దీన్ని వివరించడానికి దూరం పోనక్కరలేదు. నువ్వుల నెయ్యి నూనె అయింది. అయినా కొబ్బరినూనె అన్నప్పుడు ఎవరికీ నువ్వులు గుర్తురావు. వాత్సల్యం అన్నప్పుడల్లా దూడా, రహమీమ్ అన్నప్పుడల్లా గర్భమూ మెదులుతాయని చెప్పడం అతిశయోక్తే. 103వ కీర్తనలో ఆ క్రియకు కర్త తండ్రి కదా. కానీ నిద్రపోతున్న మూలాన్ని కవి తట్టి లేపగలడు. ఆ మాట పక్కనే గర్భాన్నీ పేగులనూ చంటిపిల్లనూ పెట్టడం అటువంటి తట్టడమే. యెషయా, యిర్మీయా గ్రంథాల్లో ఆ పని జరిగింది. కాబట్టి నిఘంటువులో తేలని విషయాన్ని ఆ భాగాల్లోనే తేల్చుకోవాలి.

దేవుని కడుపు

సొలొమోను తీర్పు కథ అందరికీ తెలిసినదే. బిడ్డను రెండుగా నరకమన్నప్పుడు బతికి ఉన్న బిడ్డ తల్లిలో కలిగిన స్పందనను చెప్పడానికి హీబ్రూ మూలం రహమీమ్ అన్న మాటనే వాడి, అవి వేడెక్కాయని అంటుంది (1 రాజులు 3:26). తెలుగు అనువాదం అక్కడ పేగులు తరుగుకొనిపోవడం అనే జాతీయాన్ని ఎన్నుకొంది. 1611 నాటి ఆంగ్ల అనువాదంలోనూ పేగులకు సంబంధించిన మాటే ఉంది. కాలక్రమంలో ఆంగ్లపాఠకులకు అది ఎబ్బెట్టుగా తోచడంతో తరువాతి అనువాదాలు దాన్ని హృదయంగా మార్చుకొన్నాయి. తెలుగుకు ఆ అవసరం రాలేదు. పేగుబంధం, కడుపుతీపి, కడుపుకోత, కడుపు తరుక్కుపోవడం: ప్రేమకూ దుఃఖానికీ తెలుగువారు చోటిచ్చిన అవయవం కడుపే. ఆంగ్లంలో పాతబడి రాలిపోయిన మాట తెలుగులో సజీవమైన నుడికారం మీద వచ్చి వాలింది.

ఇదే నుడికారం యిర్మీయా 31:20లో దేవునికి అన్వయించింది. ఎఫ్రాయిమును ముద్దుబిడ్డగా తలచుకొంటూ, అతనికి విరోధంగా మాట్లాడిన ప్రతిసారీ అతడే జ్ఞాపకం వస్తున్నాడని చెప్పే యెహోవా, తన కడుపులో వేదనగా ఉందని అంటాడు. వెంటనే తప్పక కరుణిస్తానన్న మాట వస్తుంది. మూలంలో అది రహమీమ్ ధాతువే, రెట్టించి చెప్పినది. దీనికి అయిదు వచనాల ముందు, పిల్లలు లేకపోయారని ఓదార్పు పొందనొల్లక ఏడ్చే రాహేలు ఉంది. అంటే ఒక తల్లి ఏడుపుతో మొదలైన భాగం దేవుని కడుపులోని వేదన దగ్గరికి చేరుతోంది. రాహేలును దేవుడు ఓదార్చిన విధం చూస్తే, ఏడవవద్దన్న మాటతో పాటు ఆమె దుఃఖం దేవుని శరీరంలోకే వచ్చినట్లు ఈ భాగం నిర్మాణం సూచిస్తోంది.

ట్రిబుల్ ఇక్కడ గర్భాన్నే చదివారు. హీబ్రూ పదం కచ్చితంగా గర్భాశయాన్నే చెబుతుందనడానికి వీల్లేదు. అది పేగులకూ లోపలి అవయవాలకూ వాడే మాట, పురుషులకూ వాడతారు. తెలుగు ‘కడుపు’ ఈ చిక్కును సులువుగా దాటేసింది. కడుపు అంటే ఉదరం, గర్భం, సంతానం కూడా. కడుపున చెడబుట్టావని తెలుగుదేశంలో తండ్రి కూడా కొడుకును తిడతాడు. ఎవరూ ఆ మాటలో అసంబద్ధతను వెతకరు. పురుషవాచకంతోనే వ్యవహరించే దేవునికి, ఆ వ్యాకరణాన్ని కదల్చకుండానే, తల్లికి చెందిన వేదనను ఇవ్వగల శక్తి ఈ మాటకు ఉంది. అనువాదశాస్త్రంలో సమానార్థకత గురించి ఎంత చర్చ జరిగినా, మూలంలోని సందిగ్ధతను సందిగ్ధంగానే నిలుపుకొన్న ఇలాంటి మాటకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

యెషయా గ్రంథంలో తల్లి పోలికలు మరింత స్పష్టమైనవి. 42:14లో దేవుడు ఇంతకాలం మౌనంగా ఉండి, ఇప్పుడు ప్రసవవేదన పడే స్త్రీలా ఊపిరి ఎగదీస్తూ రొప్పుతాడు. అది బుజ్జగించే తల్లి చిత్రం కాదు. దానికి ముందువచనంలో ఉన్నది యుద్ధవీరుడు. వీరుని కేకనూ పురిటి కేకనూ పక్కపక్కన పెట్టడంలోని ధైర్యాన్ని తల్లిప్రేమను గురించిన సాధారణ ప్రసంగాలు పట్టించుకోవు. వారికి కావలసిన తల్లి మెల్లగా మాట్లాడే తల్లి.

46వ అధ్యాయం మరొక రకంగా ఆసక్తికరం. బబులోను దేవతలైన బేలు, నెబో ప్రతిమలను పశువుల మీద మోయిస్తున్నారు; పశువులు బరువుకు కుంగుతున్నాయి. దీనికి ప్రతిగా ఇశ్రాయేలు దేవుడు తానే జనాన్ని మోస్తున్నాడు. మోయవలసి వచ్చే దేవుడికీ మోసే దేవుడికీ మధ్య భేదమే ఈ అధ్యాయం సారం. మూలంలో గర్భం నుంచి ఎత్తుకొన్నవారని ఉన్న చోట తెలుగు అనువాదం తల్లి ఒడినీ, చంకనూ తెచ్చింది. చంకన పెట్టుకోవడం అనగానే తెలుగు పాఠకుని కంటికి కట్టేది ఒక చేత్తో బిడ్డను నడుముకు ఆనించుకొని, మరో చేత్తో పని చేసుకుపోయే స్త్రీ. బిందె మోస్తుంది, కలుపు తీతకు నడుస్తుంది, పొయ్యి దగ్గర కూర్చుంటుంది. ఆ భంగిమలో ఆరాధన లేదు, అలంకారం లేదు. విగ్రహాన్ని ఊరేగించే బండికి ఎదురుగా అనువాదకులు నిలబెట్టింది పనిలో ఉన్న ఈ తల్లిని. 66:12లో మూలమే బిడ్డను పక్కన ఎత్తుకోవడాన్ని చెబుతుంది కనుక చంక అనువాదకుల స్వేచ్ఛ మాత్రమే కాదు, ఆ గ్రంథానికి తగిన ఊహే.

46:4లో ఈ మోత బిడ్డ ఎదిగేదాకా కాదు, ముసలితనం వచ్చి తల నెరిసేదాకా సాగుతుందని ఉంది. మానవమాత్రురాలైన తల్లికి ఇది అసాధ్యం. బిడ్డ జుట్టు నెరిసేనాటికి ఆమెనే ఎవరో ఒకరు ఎత్తుకోవలసి ఉంటుంది. పోలిక ఇక్కడే తన హద్దును దాటి, ఇది తల్లి చేయలేని పని అని చెప్పకనే చెబుతోంది.

వ్యాకరణపరంగా ఒక చిన్న సంగతి. తెలుగు క్రియలో ఉత్తమపురుషకు లింగభేదం లేదు. కాబట్టి యెషయా 49, 66 అధ్యాయాల్లో దేవుడు మరువననీ ఆదరిస్తాననీ పలికినప్పుడు ఆ స్వరం స్త్రీదో పురుషునిదో వాక్యం చెప్పదు. 46:4లో మాత్రం క్రియాజన్యమైన నామరూపం రావడంతో ‘వాడు’ బయటపడింది. చంకన ఎత్తుకొన్నది ‘వాడు’. ఈ పొసగనితనాన్ని సరిదిద్దాలనుకొనే కొత్త అనువాదకులు తొందరపడకపోవడమే మంచిది.

వారు సైతం మరచిపోవచ్చు

తల్లిప్రేమను దైవప్రేమకు ప్రతిబింబంగా చూపేవారందరూ ఆశ్రయించే వచనం యెషయా 49:15. సగం చదివి ఆపడం దీనికి పట్టిన దురదృష్టం. దేవుడు తనను మరచిపోయాడని సీయోను ఫిర్యాదు చేస్తుంది. జవాబుగా, తల్లి తన చంటిబిడ్డను మరచిపోతుందా అన్న ప్రశ్న వస్తుంది. వినేవారు మరచిపోదని అనుకొనేలోగా, వారు సైతం మరచిపోవచ్చు అన్న మాట వచ్చిపడుతుంది. ఆ తరువాతనే దేవుడు తాను మరువనని చెబుతాడు. మూలంలో ప్రశ్న ఒక స్త్రీని గురించి. జవాబులో స్త్రీవాచక బహువచనం వస్తుంది. ఒక తల్లి అపవాదంగా కాక, తల్లులు అన్న విస్తృతిలో ఆ మాట నిలుస్తుంది. తెలుగు ‘వారు’కు స్త్రీపురుష భేదం లేకపోవడంతో ఈ విస్తృతి కొంత మసకబారింది.

చెడ్డకొడుకు పుట్టవచ్చు గాని చెడ్డతల్లి ఉండదన్న భావం శంకరుల పేర ప్రచారంలో ఉన్న దేవీ అపరాధ క్షమాపణ స్తోత్రం ద్వారా తెలుగువారికి సుపరిచితం. ఆ స్తోత్రంలో భక్తుని ధైర్యమంతా ఆ నమ్మకం మీదే నిలిచింది: దేవి తల్లి, తల్లి విడువదు, కాబట్టి దేవి విడువదు. యెషయా తర్కం దీనికి విలోమం. తల్లి సైతం విడువవచ్చు, అయినా దేవుడు విడువడు. మొదటిదానిలో తల్లి నిశ్చయత్వం దేవికి పూచీ. రెండోదానిలో తల్లి అనిశ్చయత్వం దగ్గర దేవుని మాట మొదలవుతుంది. తెలుగు క్రైస్తవ ప్రసంగం యెషయా వచనాన్ని చదువుతూ తెలియకుండానే స్తోత్రతర్కాన్ని వినిపిస్తోందని అనిపిస్తుంది. స్తోత్రతర్కం తక్కువదని కాదు, అది మరొక సంప్రదాయపు సౌందర్యం. కానీ దాన్ని యెషయా నోట పలికిస్తే ఆ ప్రవక్త చెప్పదలచిన మాట పోతుంది.

తల్లులు మరచిపోవచ్చు అన్న మాటను స్త్రీల మీద నిందగా చదవడం మరొక పొరపాటు. యెరూషలేము ముట్టడి జ్ఞాపకం ఈ మాట వెనుక ఉంది. ఆ ముట్టడిని విలాపవాక్యములు వర్ణించాయి. ఆ గ్రంథం 3:22లో దేవుని వాత్సల్యత ఎడతెగనిదని ఉంది. తెలుగు క్రైస్తవుల నోట నిత్యం నలిగే వచనమిది. మరుసటి అధ్యాయం 4:10లో, అదే ధాతువుతో, వాత్సల్యం గల స్త్రీలు తమ చేతులతో తమ బిడ్డలను వండుకొన్నారని ఉంది. తెలుగు అనువాదకులు రెండుచోట్లా వాత్సల్యం అన్న మాటనే నిలిపారు. ముందు చూపిన అస్థిరత దృష్ట్యా ఈ నిలకడ మరింత విలువైనది. మొదటి వచనాన్ని గోడల మీద రాసుకొనేవారు రెండోదాన్ని చదవరు. చదవలేకపోవడం సహజమే; అది చదవదగినంత సులువైన వాక్యం కాదు. కానీ గ్రంథం ఈ రెంటినీ ఒకే మాటతో ముడివేసింది.

ఇక్కడ గమనించవలసిన అంశం, ఆ స్త్రీలను గ్రంథం కఠినులని అనలేదు. వాత్సల్యం గలవారనే అంది. వారి వాత్సల్యం అబద్ధమని తేల్చలేదు. ఆకలి దాన్ని కూడా తినేసిందని చెప్పింది. అదే అధ్యాయం 4వ వచనంలో చంటిపిల్లల నాలుక దాహంతో అంగిలికి అంటుకొంటుంది, పిల్లలు అన్నమడిగితే పెట్టేవారుండరు. సమరయ ముట్టడిలోనూ ఇలాంటి ఘటన ఉంది (2 రాజులు 6:28-29). అడగందే అమ్మయినా పెట్టదని తెలుగు సామెత. అడిగినా అమ్మ దగ్గర పెట్టడానికి ఏమీ లేని రోజును బైబిలు రాసిపెట్టింది.

హాగరు కథను ఈ వెలుగులో చదవాలి. అబ్రాహాము రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి పంపివేసిన దాసి ఆమె. బెయేర్షెబా అరణ్యంలో నీళ్లు అయిపోగానే బిడ్డను పొద కింద పడవేసి, వింటివేత దూరం వెళ్లి కూర్చొంటుంది. బిడ్డ చావును చూడలేననుకొని ఏడుస్తుంది (ఆదికాండము 21:14-16). బిడ్డను విడిచిన తల్లి అని పైపైన అనవచ్చు. కాని ఆమె దూరంగా వెళ్లింది ప్రేమ లేక కాదు, ప్రేమను భరించలేక. ఆ తరువాత దేవుడు చేసింది తల్లిని మందలించడం కాదు. పిల్లవాని మొర విని, ఆమె కళ్లు తెరిచి నీటిబావిని చూపించాడు. బిడ్డను ఎత్తుకొని చేత్తో పట్టుకోమన్నాడు. తల్లి దేవునికి అద్దమన్న రూపకం ఇక్కడ సరిపోదు. ఆమెకు కావలసింది ఆమెను అద్దంగా పొగిడేవారు కాదు, నీళ్లు.

‘అమ్మ’ అన్న సంబోధన

బైబిలులో దేవునికి తల్లి పోలికలు ఉన్నా, దేవుణ్ణి తల్లీ అని పిలిచిన ప్రార్థన లేదు. ఏసు నేర్పిన సంబోధన తండ్రి అనే. ఆయన తనకు తాను అన్వయించుకొన్న తల్లి పోలిక కోడిది: పిల్లలను రెక్కల కింద చేర్చుకోవాలని కోరగా, అవి రానంటాయి (మత్తయి 23:37). నిరాకరణ తెలిసిన తల్లి ఇది. సంప్రదాయంలో ఏసును తల్లిగా భావించి రాసినవారున్నారు. పధ్నాలుగో శతాబ్దపు నార్విచ్ నివాసిని జూలియన వారిలో ప్రసిద్ధురాలు. పోపు మొదటి జాన్ పాల్ 1978 సెప్టెంబరు 10న, దేవుడు తండ్రి అనీ, అంతకుమించి తల్లి అనీ చెప్పారు. కతోలిక సత్యోపదేశం 239వ పేరా తల్లి పోలికను అంగీకరిస్తూనే, మానవ తల్లిదండ్రులు తప్పు చేయగలవారని, పితృత్వ మాతృత్వాల ముఖాన్ని వికృతం చేయగలరని కూడా చెప్పింది. తెలుగు ప్రసంగాల్లో ఈ రెండో సగం వినబడడం అరుదు.

తెలుగునాట కతోలికులకు ‘అమ్మ’ అన్న పిలుపుకు ఒక చోటుంది. ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు చేరే జనం మరియమాతను అమ్మ అనే పిలుస్తారు. ప్రొటెస్టెంటులకు ఆ పిలుపు లేదు. బహుశా అందువల్లనే వారి ప్రసంగాల్లో ఆ భావోద్వేగమంతా ఇంటిలోని తల్లి మీద వచ్చి చేరుతోందేమో పరిశోధకులు ఆలోచించదగినది.

రిస్పా

పోలిక ఏదీ లేకుండానే ఈ చర్చకు ఎంతో చేరువలో ఉన్న కథ ఒకటుంది. దావీదు కాలంలో మూడేళ్ల కరువు వచ్చింది. సౌలు గిబియోనీయులను చంపినందుకే కరువు వచ్చిందని తేలడంతో, వారు అడిగిన ప్రకారం సౌలు వంశపువారిని ఏడుగురిని అప్పగించారు; యెహోవా సన్నిధిని కొండమీద వారిని ఉరితీశారు (2 సమూయేలు 21). వారిలో ఇద్దరు సౌలు ఉపపత్ని రిస్పా కన్న కొడుకులు. మిగిలిన అయిదుగురు సౌలు కూతురి బిడ్డలు.

రిస్పా గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకొంది. యవలకోత మొదలైన నాటి నుంచి ఆకాశం నుంచి వాన కురిసేదాకా అక్కడే ఉంది. పగలు పక్షులను, రాత్రి అడవిమృగాలను శవాల మీద వాలనివ్వలేదు. తన ఇద్దరినే కాపాడినట్లు గ్రంథం చెప్పదు. ఆ ఏడుగురినీ కాపాడింది. ఆమె నోట ఒక్క మాటా లేదు. ప్రార్థించినట్లు గాని, శపించినట్లు గాని లేదు. దేవుణ్ణి ఆమెతో పోల్చలేదు, ఆమెను దేవునితో పోల్చలేదు. రహమీమ్ అన్న మాట ఈ అధ్యాయంలో ఎక్కడా రాదు. విలాపవాక్యాల్లో ఆకలి తల్లుల వాత్సల్యాన్ని తినివేసింది. ఇక్కడ కరువు తల్లి నుంచి బిడ్డలను తీసుకొంది, వాత్సల్యాన్ని మాత్రం తీసుకోలేకపోయింది.

ఆమె చేసిన పని దావీదు చెవిన పడుతుంది. అప్పుడతడు యాబేష్గిలాదు నుంచి సౌలు, యోనాతానుల ఎముకలు తెప్పిస్తాడు. ఉరితీసిన ఏడుగురి ఎముకలను ఏరిస్తాడు. సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టిస్తాడు. కరువు తీరడానికి ఆ ఏడుగురి చావు చాలునని గిబియోనీయులు అనుకొన్నారు, రాజూ అనుకొన్నాడు. కథనం అలా చెప్పలేదు. దేశం కోసం చేసిన మనవిని దేవుడు అంగీకరించింది ఎముకలను పాతిపెట్టిన తరువాత అని 14వ వచనం చెబుతోంది.